అన్న గొంతు మీద ఎక్కించిన ఆట

మీసాలు రాకముందు నెత్తికెత్తుకున్న బరువు ఇది. ఆ మీసాలు ఇప్పుడు నెరిశాయి. బరువు మాత్రం మొన్నటిదాకా ఒక్క పిసరు తగ్గలేదు. ఇన్నేళ్ళూ ఎవరికైనా చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ ఎండల గురించో, కరెంటు గురించో మాట్లాడి మూసేశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకూ తెలియదు. అందుకే మీ దగ్గర కూర్చున్నాను. మధ్యలో లేచిపోకండి. వింటుంటే ఎక్కడైనా నేను మంచివాణ్ణని అనిపిస్తే మాత్రం దయచేసి నమ్మకండి.

జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది. కింద దుకాణం, పైన ఇల్లు, ఆ పైన ఒక రేకుల గది. నా పిచ్చి అంతా ఆ గదిలో ఉంది. పాత వీడియో గేములు, వాటి క్యాసెట్లు, జాయ్‌స్టిక్కులు, మూలలు నలిగిన అట్టపెట్టెలు, అరబ్బీలో అచ్చయిన పుస్తకాలు. ఇవి మా వైపు దొరికినట్టు హైదరాబాద్‌లో కూడా దొరకవు. వీధికి నలుగురైనా గల్ఫ్ పోయివచ్చిన వాళ్ళుంటారు కదా, వాళ్ళు పెట్టెలో పెట్టుకొచ్చినవి ఏళ్ళ తరబడి సజ్జల మీద పడి ఉంటాయి. రాయికల్‌లో ఒకరింట్లో పాత పరుపుల కింద దొరికాయి. కొడిమ్యాలలో ఒకాయన జాయ్‌స్టిక్కుకు తాడు కట్టి మనవడికి బండిలా ఇచ్చాడు. సిరిసిల్లలో మూతపడ్డ గేమ్ పార్లర్ నుంచి మనిషంత ఎత్తు మిషన్ ఒకటి ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నాను. "గీ చెత్త ఏం జేస్కుంటవ్ సార్?" అని అందరూ అడుగుతారు. ఆ చెత్తను మెత్తటి బ్రష్షుతో తుడిచి, టీవీకి తగిలించి, మొదటి రంగు తెర మీద పడేవరకూ నాకు అన్నం సహించదు. మా ఆవిడ ఆ గదిని నా రెండో సంసారం అంటుంది. నిజమే. మొదటి సంసారం కన్నా దాన్నే శుభ్రంగా ఉంచుతాను.

ఆటలంటే నాకు ప్రేమ. ఇందులో అబద్ధం లేదు. అబద్ధం వేరే చోట ఉంది.

రెండేళ్ళ కిందట హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు కెమెరా పట్టుకుని వచ్చి గది అంతా వీడియో తీశాడు. మధ్య అరలో అద్దాల డబ్బాలో ఒక్క క్యాసెట్ విడిగా ఉంది. మామూలు పాటల క్యాసెట్. దాని కథేమిటని అడిగాడు. కెమెరా ముందు మనిషికి ఏమవుతుందో నాకు తెలియదు. గొంతు గద్గదం చేసుకుని మరీ చెప్పాను: "ఇది మా అన్న నాకోసం దుబాయి నుంచి ఆట ఎక్కించి పంపిన క్యాసెట్. నా జీవితంలో మొదటి ఆట." ఆ వీడియో చాలామంది చూశారు. అలాంటి అన్న ఉండాలని రాశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయని రాశారు. నేను కూర్చుని ఒక్కొక్కరికీ చేతులు జోడించిన బొమ్మ పెట్టాను.

అన్న ఆ క్యాసెట్ నాకు పంపలేదు. దాని మీద ఆట ఎక్కించలేదు. అందులో అన్న మాట్లాడి పంపిన మాటలున్నాయి. వాటి మీద ఆట ఎక్కించింది నేను.

మాది కోరుట్ల. బాపు కల్లు గీయడానికి తాళ్ళెక్కేవాడు. అన్న కూడా కొన్నాళ్ళు ఎక్కాడు. ఒకసారి చెట్టుకు చుట్టిన మోకు జారి నడుము దెబ్బతిన్నాక దుబాయి బయల్దేరాడు. నిజానికి పోయింది మస్కట్‌కు. మా దగ్గర సముద్రం దాటితే అంతా దుబాయే. అక్కడ ఒక ఇంట్లో కారు నడిపేవాడు. అప్పటికి పెళ్ళయి ఏడాది తిరగలేదు. వదినెది సిరిసిల్ల. పేరు పద్మ. ఆమెకు చదువు రాదు. వాళ్ళిద్దరి మధ్య ఉత్తరాలు నడవాలంటే చదివేవాణ్ణీ రాసేవాణ్ణీ నేనే అయ్యేవాణ్ణి. భర్తకు చెప్పుకోవలసింది పదమూడేళ్ళ మరిదికి చెప్పి రాయించుకునే ఆడది ఎక్కడుంటుంది?

ఉత్తరాల కన్నా అప్పుడు మా ఇళ్ళలో క్యాసెట్లే ఎక్కువ నడిచేవి. దుబాయిలో ఉన్నవాళ్ళు ఖాళీ క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఇంట్లో అందరం వాకిట్లో కూర్చుని వినేవాళ్ళం. పక్కింటివాళ్ళూ వచ్చేవారు. ఆ తర్వాత మా అవ్వ, కన్నతల్లిని మేం అవ్వ అనే పిలుస్తాం, అదే క్యాసెట్ మీద మా జవాబులు ఎక్కించేది. ఒకరి తర్వాత ఒకరం మైకు ముందుకు జరిగి మాట్లాడేవాళ్ళం. క్యాసెట్ మళ్ళీ దుబాయి పోయేది. పాత మాటల మీద కొత్త మాటలు. అందుకే ఎవరి గొంతూ ఏ ఇంట్లోనూ ఎక్కువకాలం నిలిచేది కాదు.

మొదటి పక్క అందరిదీ. రెండో పక్క వదినెది. అన్న పోయేముందు ఆమెకు ఆ మాట చెప్పిపోయాడు. అవ్వ తను చుట్టిన బీడీలు కంపెనీలో అప్పజెప్పడానికి పోయిన మధ్యాహ్నం వదినె తలుపు దగ్గరికేసి, టేపురికార్డరును ఒళ్ళో పెట్టుకుని, సౌండు బాగా తగ్గించి వినేది. మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనట్టుండేవాళ్ళం.

ఒకసారి అన్న ఒక కంప్యూటర్ పంపాడు. వాళ్ళ యజమాని పిల్లలు మోజు తీరి పారేసింది. టీవీకి తగిలించుకునే మీటల పలక, అంతే. మీటల మీద అరబ్బీ అక్షరాలు. దానికి ఆటలు పాటల క్యాసెట్లలోంచే రావాలి. క్యాసెట్‌ను టేపురికార్డరులో పెట్టి, వైరుతో కంప్యూటరుకు కలిపి తిప్పితే, మిక్సీలో గులకరాళ్ళు వేసినట్టు ఏడెనిమిది నిమిషాలు మోత. ఆ మోతంతా లోపలికి పోయి తెర మీద ఆట అయ్యేది. నా దగ్గర కంప్యూటర్ ఉంది, ఆట లేదు. నెలల తరబడి ఆ నీలం తెర మీద నా పేరు కొట్టుకుంటూ, చెరుపుకుంటూ కూర్చున్నాను. బడిలో అందరికీ మా ఇంట్లో వీడియో గేమ్ ఉందని చెప్పుకున్నాను. చూపించమంటే టీవీ ఖరాబైందని తప్పించుకునేవాణ్ణి.

కోరుట్ల బస్టాండు దగ్గర పాటలు ఎక్కించే ఇస్మాయిల్ భాయికి నా తపన తెలుసు. ఒకరోజు దుకాణం ముందు నుంచి పోతుంటే కేకేసి పిలిచాడు. మెట్‌పల్లికి పోయే మనిషి ఒకాయన, దుబాయి నుంచి తెచ్చిన ఆటల క్యాసెట్ అక్కడ పెట్టి, పని చూసుకుని సాయంత్రం బస్సుకు తీసుకుంటానని చెప్పి వెళ్ళాడట. "జల్ది ఉరుకు బేటా, ఖాళీ క్యాసెట్ పట్కరా. నా దగ్గర ఒక్కటి లేదు. పెండ్లిళ్ళు గద, అన్ని ఊడ్చుకపోయిన్రు," అన్నాడు.

ఉరికాను. ఇంట్లో ఎవరూ లేరు. అవ్వ బీడీలు అప్పజెప్పడానికి పోయింది. వదినె బోరింగు దగ్గర బట్టలు పిండుతోంది. ఆ పని కాగానే ఆమె వచ్చి, తలుపు దగ్గరికేసి, కూర్చునే రోజు అది. ముందు రోజే అన్న క్యాసెట్ వచ్చింది. మొదటి పక్క అందరం విన్నాం. క్యాసెట్ ఇంకా టేపురికార్డరులోనే ఉంది.

తీసి చూశాను. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి, ఒక్కో పక్కకు ఒక్కోటి. పలుకు విరగ్గొడితే ఇక ఆ పక్కన ఏమీ ఎక్కించలేం. ఉన్నది చెరిగిపోకుండా కాపాడుకునే ఏర్పాటు అది. జవాబు ఎక్కించాలి కాబట్టి మా క్యాసెట్లకు ఎవరూ వాటిని విరిచేవారు కాదు. ఈసారి అన్న రెండో పక్కది విరిచి పంపాడు. దాని అర్థం నాకు తెలియదా? పాటల దుకాణం అరుగు మీద పెరిగినవాణ్ణి. బాగా తెలుసు.

అయినా, మొదటి పక్క మీదైతే అవ్వ జవాబులు ఎక్కిస్తుంది, ఆట నిలవదని, రెండో పక్కే ఒకసారి పెట్టి విన్నాను. ఖాళీగా ఉండాలని మొక్కుకుంటూ విన్నాను. కాసేపు గాలి చప్పుడు. తర్వాత అన్న గొంతు, మాకెప్పుడూ వినిపించనంత మెల్లగా. "పద్మా... ఒక్కదానివే ఉన్నవా? దగ్గర ఎవ్వలు లేరు గద?" టక్కున ఆపేశాను. ముఖం వేడెక్కింది. ఆలుమగల మాటలు వినకూడదనే జ్ఞానం ఆ వయసుకే నాకుంది. వినడానికి సిగ్గుపడ్డాను. చెరపడానికి సిగ్గుపడలేదు.

అవ్వ బీడీల చాటలోంచి తునికాకు ముక్క తీసి, గట్టిగా మడిచి, పలుకు విరిగిన గుంతలో కుక్కాను. గుంత పూడితే టేపురికార్డరుకు తేడా తెలియదు. దుకాణానికి మళ్ళీ ఉరికాను. ఇస్మాయిల్ భాయి క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "పక్కా ఖాళీయేనా?" అని అడిగాడు. పక్కా అన్నాను. మీట నొక్కాడు. నేను అరుగు మీద కూర్చుని ఆ చక్రాలు తిరగడం చూశాను. ఆపమనడానికి నోరు ఎన్నిసార్లు తెరిచానో చెప్పమంటారా? ఒక్కసారి కూడా తెరవలేదు. సంతోషంగా ఉన్నాను. పిచ్చి సంతోషం.

ఇంటికొచ్చి, టేపురికార్డరు రీలును మింగిందని, తెగిందని, పారేశానని చెప్పాను. అవ్వ రెండు తగిలించింది. బజారు నుంచి కొత్త క్యాసెట్ తెప్పించి జవాబు ఎక్కించారు. తెగిన సంగతి తెలిస్తే అన్న నన్ను తిడతాడని, అవ్వ అందులో ఎవరినీ ఆ మాట ఎత్తనివ్వలేదు. పాతది దుబాయి పోతే అన్నకు నా ఆట మోత వినబడేది కదా. అంత తెలివి అప్పుడే ఉంది నాకు.

క్యాసెట్ తెగిందని చెప్పిన సాయంత్రమే వదినె నీళ్ళ బిందె దగ్గర నన్ను ఆపింది. "తమ్మీ, తెగకముందు నువ్వు పెట్టి సూసినవంట గద. గా రెండో పక్క ఏమన్న ఉండెనా?" అని అడిగింది. ఆ రోజు ఆమెకు పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. "ఏం లేకుండె వదినె. ఖాళీగనే ఉండె," అన్నాను. ఆమె బిందె ఎత్తుకుంది. "గట్లనా," అంది. అంతే.

నేను చేసిన తప్పు ఏదని అడిగితే, క్యాసెట్ చెరపడం కాదంటాను. అది పిల్లవాడి ఆబ. ఈ "ఖాళీగనే ఉండె" అన్నదే తప్పు. తెలియక అన్నది కాదు.

ఇంకా వినండి. అన్న రాత మీద ఒక రంగుకాగితం అంటించి, ఇస్మాయిల్ భాయి ఇచ్చిన క్యాసెట్ అని చెప్పి, ఆ ఆట ఇంట్లోనే ఆడాను. తెర మీద వేలెడంత మనిషి. నిచ్చెనలెక్కి పండ్లు కోసుకోవాలి. కాలు జారితే ప్రాణం పోతుంది. మూడు ప్రాణాలు. బాపు తాళ్ళ నుంచి వచ్చి, మోకు, నడుముకు కట్టిన ముస్తాదు గోడకు తగిలించి, నిలబడి చూసేవాడు. "మోకు లేదు, ముస్తాదు లేదు, గట్ల ఎక్కితే పడడా మరి?" అనేవాడు. మధ్యాహ్నాలు వదినె వచ్చి పక్కన కూర్చునేది. ఆట ఎక్కుతున్నంతసేపూ ఆ మోతకు చెవులు మూసుకుని నవ్వేది. నా కన్నా ఆమే బాగా ఆడేది. వేళ్ళు బీడీలు చుట్టిన వేళ్ళు కదా, తడబడేవి కావు. తెర మీద మనిషి పై నిచ్చెన చేరితే చిన్నపిల్లలా నా భుజం మీద చరిచేది. నా జీవితంలో అంత మంచి మధ్యాహ్నాలు మళ్ళీ లేవు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ ఆ మాట కూడా నిజమే. ఆట తెర మీదికి రాగానే బ్యాటరీలు అయిపోతాయని టేపు ఆపేసేవాళ్ళం. ఆ తర్వాత టేపులో ఏముందో ఎవరం వినలేదు.

అన్న నుంచి క్యాసెట్లు వస్తూనే ఉన్నాయి. రెండో పక్క మాత్రం ఖాళీగా రావడం మొదలైంది. రెండుసార్లో మూడుసార్లో వదినె తలుపు దగ్గరికేసుకుని, చివరిదాకా తిప్పి, బయటికి వచ్చింది. ఆ తర్వాత తలుపు వేసుకోవడం మానేసింది. కొన్నాళ్ళకు ఆట దగ్గరికి రావడమూ మానేసింది.

అన్న పదకొండేళ్ళు ఉన్నాడు అక్కడ. మధ్యమధ్య సెలవు మీద వచ్చిపోయాడు. ఒక బిడ్డ పుట్టింది, సౌమ్య. చివరికి వచ్చేసి కోరుట్లలోనే కిరాణం పెట్టుకున్నాడు. వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడం నేను చూడలేదు. నవ్వుకోవడమూ చూడలేదు. ఒకే ఇంట్లో అద్దెకుండే రెండు కుటుంబాల్లా మర్యాదగా బతికారు. గల్ఫ్ సంసారాలు ఇంతేలే అనుకునేవాణ్ణి. అనుకుంటే నాకు హాయిగా ఉండేది. నా వల్ల అయి ఉంటుందా అనే ప్రశ్న తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా, కొత్త మిషన్ ఏదో దొరికిందని గదిలోకి పోయి కూర్చునేవాణ్ణి. ఇన్ని వందల ఆటలు అలా పోగయ్యాయేమో. నాకే తెలియదు.

ఆ క్యాసెట్‌ను మాత్రం ఎప్పుడూ పారెయ్యలేదు. పైగా, కొన్నేళ్ళ కిందట మా సేకరణగాళ్ళ పైత్యం కొద్దీ, అసలు రూపంలో ఉంటేనే విలువని, నేనంటించిన రంగుకాగితాన్ని ఆవిరి పట్టి మెల్లగా ఊడదీశాను. అడుగున అన్న రాత బయటపడింది. నీలం సిరాతో, ఒత్తి ఒత్తి రాసిన "కోరుట్ల". అలాగే అద్దాల డబ్బాలో పెట్టాను. వీడియోలోనూ అలాగే పడింది.

పోయిన ఏడాది అన్న కిడ్నీలు పాడై జగిత్యాల ఆస్పత్రిలో పడ్డాడు. ఒకరోజు పొద్దున నేను పక్కన కూర్చున్నాను. వదినె చాయ్ తేవడానికి కిందికి పోయింది.

"నీ వీడియో జూసిన తమ్మీ. సౌమ్య జూపెట్టింది," అన్నాడు.

"ఎట్లున్నదన్నా?"

"మంచిగున్నది. గా అద్దాల డబ్బాల పెట్టిన క్యాసెట్ మీద నా రాత ఉన్నట్టు కొడ్తున్నది."

"నీదేనన్నా. పాత క్యాసెట్ ఏదో ఇంట్ల దొరికితే దాని మీద ఆట ఎక్కించుకున్న," అన్నాను. ఎంత మామూలుగా అన్నానో.

అన్న కాసేపు పైన తిరుగుతున్న ఫ్యాన్ చూశాడు. "ఒక ముచ్చట జెప్త, నవ్వద్దు," అన్నాడు. "పోయిన కొత్తల మీ వదినెకు రెండో పక్క మాట్లాడి పంపిన. నాకు ఈడ పానం పడ్తలేదు, వాపసస్త అన్న. పైసలు రావు, మల్ల తాళ్ళెక్కుడే, గట్లయిన నీకు సమ్మతమేనా అని అడిగిన. అందరి ముంగట ఎట్ల జెప్తది జెప్పు? అందుకే, రమ్మనేటట్టుంటే మనింట్ల పిల్లి ఈనిందను అన్న. గంతే. అచ్చే క్యాసెట్ల గా ఒక్క మాట ఇనవడ్తే మరునాడే బయల్దేరుత అన్న."

"మరి?" అన్నాను.

"ఏ క్యాసెట్ల అనలే. వానల ముచ్చట జెప్పింది. బర్రె ముచ్చట జెప్పింది. పిల్లి ముచ్చట జెప్పలే." నవ్వాడు. నన్ను నవ్వద్దని తను నవ్వాడు. "ఒకపారి అవ్వ అన్నది, పిల్లి ఈనింది, నాలుగు పిల్లలని. బట్టలు సదురుకున్న తమ్మీ. మల్ల ఆగిన. అవ్వ నోట్లెకెళ్ళి అచ్చింది గద, ఆమె నోట్లెకెళ్ళి కాదు."

"వదినెను అడగకపోయినవా? ఇంటికచ్చినప్పుడన్న?"

"ఏమని అడగాలె? రమ్మనలేదంటే ఉండుమన్నట్టే గద. అచ్చినప్పుడు ఆమె మొఖం జూస్తే అడగబుద్ది కాలే. ఆమెకు పైసలు కావాలె అనుకున్న. తప్పేం లేదు. తల్లిగారింట్ల గూడ ఏం లేకుండె పాపం." తల తిప్పి నన్ను చూశాడు. "గా క్యాసెట్ జూసినంక యాదికచ్చింది."

అలా చూస్తూనే ఉన్నాడు. నేను దుప్పటి అంచు సర్దాను. వదినె చాయ్ పట్టుకుని వచ్చింది. అన్న కళ్ళు మూసుకున్నాడు.

ఆ చూపు గురించి ఎంత ఆలోచించానో మీకు చెప్పలేను. అన్నకు అంతా అర్థమైపోయి, నా నోటితో చెబుతానేమోనని ఎదురుచూశాడా? లేక ఊరికే చూశాడా? అప్పుడు చెప్పి ఉంటే, వదినె చాయ్ గ్లాసుతో తలుపులో నిలబడ్డ ఆ క్షణంలోనే వాళ్ళిద్దరి మధ్యా ఆ మాట పడి ఉండేది. ఆమెకు వినబడేది. ఆయనకు తెలిసేది. వాళ్ళకు ఇంకా కొన్ని రోజులు మిగిలే ఉన్నాయి. ఆ రోజులు కూడా నేనే తినేశాను. చిన్నప్పుడు ఆటకోసం చేశాను. ఈసారి దేనికోసం? వీడియో చూసిన వాళ్ళు ఏమనుకుంటారోనని. నవ్వొస్తోంది కదా మీకు? నాకైతే నా ముఖం మీద నాకే ఉమ్మెయ్యాలని ఉంది.

అన్న పోయాడు. దినాలు అయ్యాక వదినెను సౌమ్య సిరిసిల్ల తీసుకుపోయింది. అక్కడ బట్టలు కుట్టే కంపెనీలో పని ఆ అమ్మాయికి.

ఇంతకాలం ఎన్నో పాత టేపులను చివరిదాకా విని కంప్యూటర్‌లోకి ఎక్కించి దాచాను. ఈ ఒక్కదాన్ని మాత్రం ఆట అయిపోయిన చోట ఆపేసేవాణ్ణి. భయం. అన్న పోయాక ఒక ఆదివారం పొద్దున గదిలో కూర్చుని, ఆపకుండా తిరగనిచ్చాను. మోత ఆగింది. టప్పున ఒక చప్పుడు, ఇస్మాయిల్ భాయి మీట ఆపిన చప్పుడు. వెంటనే అన్న. పాతికేళ్ళ అన్న.

"...కోపం రాదు. నీ ఇష్టం పద్మా. సరే, ఇగ పండుకో. దీపం మొత్తం ఆర్పకు, చిన్నగ వెట్టుకో. నీకు చీకటంటే భయం గద."

అంతే మిగిలింది. మిగిలినదంతా నిచ్చెనలూ పండ్లూ తినేశాయి. ఆ మధ్యాహ్నాల్లో టేపు ఇంకొంచెం తిరగనిచ్చి ఉంటే, నా పక్కనే కూర్చున్న ఆమెకు ఈ నాలుగు మాటలైనా వినబడేవి. బ్యాటరీలు మిగుల్చుకున్నాం.

ఆ క్యాసెట్, ఒక టేపురికార్డరు సంచిలో పెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను. వదినె గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వీధంతా బట్ట నేసే సాంచాల చప్పుడు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. ఇస్మాయిల్ భాయి దగ్గర నుంచి ఆస్పత్రి దాకా. పిల్లి సంగతి చెప్పినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. చెయ్యి కడుక్కుని, నన్ను లోపలికి రానిచ్చి, తలుపు దగ్గరికేసింది. పెట్టమన్నట్టు టేపురికార్డరు వైపు చూసింది.

అన్న మాటలు విన్నది. "ఇంకోసారి పెట్టు," అంది. పెట్టాను. ఇంకోసారి. ఇంకోసారి.

"నాకు చీకటంటే భయమని ఆయనకు యాదుండెనా?" అంది, నన్ను కాదు.

తర్వాత నా వైపు తిరిగింది. "నాకోసం ఒక్క మాట లేకుంట ఖాళీ పంపిండని, ఇన్నేండ్లు ఆయన మీద కోపం వెట్టుకొని బతికిన తమ్మీ. అన్నం వెట్టినా గదే కోపంతోని వెట్టిన. కాళ్ళొత్తినా గదే కోపంతోని ఒత్తిన. పోయిన్నాడు గూడ మనసుల గదే ఉండె. ఇప్పుడు గా కోపం నేనేం జేసుకోవాలె?"

"నా మీద వెట్టుకో వదినె," అన్నాను.

ఆమె తల ఊపింది. "వెట్టుకుంట," అంది.

ఊరికే అన్న మాట కాదు. ఆమె కళ్ళలో చూశాను. మంచినీళ్ళు ఇవ్వలేదు, మళ్ళీ రమ్మనలేదు. అడిగే ముఖం నాకూ లేదు. కానీ గడప దాటుతుంటే, ఎన్నో ఏళ్ళ తర్వాత నిండా ఊపిరి పీల్చుకున్నాను. నేనెలాంటివాణ్ణో అలాగే నన్ను ఒకరు చూశారు.

క్యాసెట్, టేపురికార్డరు ఆమెకే వదిలేసి చెప్పులు వేసుకుంటుంటే లోపల మళ్ళీ ఆ మోత మొదలైంది. టేపును మొదటికి తిప్పుకుంది. ముందుకు గబగబా తిప్పే మీట ఏదో చూపించే వచ్చాను. ఆమె నొక్కలేదు. ఆ నాలుగు మాటలు దాటిపోతాయని భయం కాబోలు. ఇకనుంచి తన భర్త గొంతు వినాలనుకున్నప్పుడల్లా ఆమె ముందు నా ఆట మోతంతా వినాలి. ఆయన దగ్గరికి వేరే దారి లేకుండా చేసింది నేనే. ఈసారి ఎండల గురించి మాట్లాడి తప్పించుకోకుండా మీకంతా చెప్పాను.